అటక మీది ఇత్తడి దుర్భిణిని చింతపండుతో తోమకండి

సంపాదకులు గారికి,

సెలవులు వచ్చినా, గ్రహణం వార్త వచ్చినా పిల్లలకు టెలిస్కోపు కొనిపెట్టమని పత్రికలు సలహా ఇస్తుంటాయి. బాగానే ఉంది. అయితే రేవులోనో, సర్వేలోనో, పట్టాళంలోనో పనిచేసిన తాతగారి ఇత్తడి దుర్భిణి అటక మీద పడివున్న ఇళ్లూ ఉన్నాయి. దాన్ని దించుతారు, దుమ్ము దులిపి కంటికి పెట్టుకుంటారు. ఓసారి అంతా చీకటి, ఓసారి అంతా వణుకు. రెండు నిమిషాల్లో "పాడైపోయిందిలే" అని తీర్పు చెప్పేసి, చింతపండు పెట్టి తళతళా తోమి షోకేసులో నిలబెడతారు. అప్పటిదాకా అది బాగానే ఉండివుంటుంది. పాడయ్యేది ఆ తోమడంతోనే.

వస్తువు తీరు ముందు చెప్పాలి. ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు మూడో నాలుగో ఉంటాయి. అన్నిటికంటే లావు గొట్టానికి తోలు గానీ తాడు గానీ చుట్టివుంటుంది. దాని మూతి దగ్గర ఉండేది ముందు అద్దం. చూడ్డానికి ఒకటే కానీ అది రెండు అద్దాల జంట. క్రౌన్, ఫ్లింటు అనే రెండు రకాల గాజులు కలిపి, బొమ్మ చుట్టూ రంగుల అంచు పట్టకుండా చేసే ఈ జంట మీద లండన్‌లో జాన్ డాలండ్ 1758లో పేటెంటు తీసుకున్నాడు. కంటివైపు సన్న గొట్టంలో మరో నాలుగు చిన్న అద్దాలు ఉంటాయి, ఈ చివర రెండు, లోపలి చివర రెండు. లోపలి జంట పని తలకిందులుగా పడిన బొమ్మను తిరిగి నిలబెట్టడం. దుర్భిణి అంత పొడుగు సాగడానికి ఆ పనే ఒక కారణం.

ఇక "అంతా చీకటి" అన్న ఫిర్యాదు. కంటి దగ్గరి ఇత్తడి బిళ్లలో ఒక కన్నం, ఆ కన్నానికి అడ్డంగా జరిగే పల్చటి రేకు ఒకటి ఉంటుంది. దుమ్ము పోకుండా పెట్టినది. ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోయి బిళ్లలో భాగంలాగే కనిపిస్తుంది. గోటితో పక్కకు జరిపితే చీకటి పోతుంది. ముందు మూతలోనూ కొన్నిటికి నడిమధ్య చిన్న కన్నం ఉంటుంది. దాని గుండా చూస్తే బొమ్మ చీకట్లో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి మూత మొత్తం తీసేయాలి.

గొట్టాలను లాగేటప్పుడు తిన్నగా గుంజకూడదు. కంటివైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు కొద్దిగా మెలితిప్పుతూ లాగాలి. లోపలికి నెట్టేటప్పుడూ అదే దిక్కు. గొట్టాల అంచులకున్న కట్లన్నీ మరలతో బిగించినవే. ఎడమకు తిప్పితే గొట్టం కదలకుండా కట్టు ఊడి చేతికొస్తుంది. మధ్య గొట్టాలన్నిటినీ ఆగేదాకా పూర్తిగా లాగేయాలి, సగంలో వదిలేయకూడదు. కంటివైపు సన్న గొట్టం ఒక్కటే మీ చేతిలో ఉంచుకోండి, చూపు కుదుర్చుకునేది దానితోనే. దాన్నీ చివరిదాకా లాగి, అక్కణ్ణుంచి మెల్లగా లోపలికి తిప్పుతూ రావాలి.

ఎంత తిప్పాలి? ముందు అద్దం ఫోకల్ దూరం, అంటే దూరపు వెలుగును అది ఒకచోటికి చేర్చే దూరం, 40 సెంటీమీటర్లు అనుకుందాం. నక్షత్రానికి కుదిరిన చోటు నుంచి 100 మీటర్ల దూరంలోని కొబ్బరిచెట్టుకు మార్చాలంటే గొట్టం బయటికి రావాల్సింది ఒకటిన్నర మిల్లీమీటరే. 20 మీటర్ల దూరంలోని గోడకు 8 మిల్లీమీటర్లు, 10 మీటర్లకు 17 మిల్లీమీటర్లు. దూరపు వస్తువుల మధ్య తేడా వెంట్రుకవాసి, దగ్గరకు వచ్చేకొద్దీ బెత్తెడు. కొత్తవాళ్లు బర్రున లాగి బర్రున నెడతారు. కుదిరే చోటు మధ్యలో వచ్చి వెళ్లిపోయిన సంగతి తెలియనే తెలియదు. గదిలో నిలబడి ఎదురుగోడ మీది క్యాలెండరు చూడబోయి "మసగ్గా ఉంది" అనడం కూడా దుర్భిణి తప్పు కాదు. అంత దగ్గరకు గొట్టం పొడుగు చాలదు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు తీసేసి చూడొచ్చు. దగ్గరి చూపు మాత్రమే బాగున్నవారికి గొట్టం కాస్త లోపలికి, దూరపు చూపు మాత్రమే బాగున్నవారికి కాస్త బయటికి పోతుంది. అందుకే పాత దుర్భిణుల సన్న గొట్టం మీద చుట్టూ సన్నటి గీత కనపడుతుంటుంది. అప్పటి యజమాని తన కంటికి కుదిరిన చోట గీసుకున్నది. మీరు మాత్రం గీయకండి, సన్నటి కాగితపు టేపు చాలు. ఇంట్లో నలుగురుంటే నలుగురి టేపులూ వేరువేరు చోట్ల ఉంటాయి. తండ్రికి కుదిరిన చోటు కూతురికి మసక. దృష్టిలో సిలిండరు దోషం (ఆస్టిగ్మాటిజం) ఎక్కువున్నవారు మాత్రం కళ్లద్దాలు ఉంచుకోక తప్పదు. అప్పుడు అంచులు కొంత కోతపడతాయి.

కన్ను ఆనించే చోటు గురించి ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పగటివేళ, సూర్యుడికి దూరంగా, తెల్లటి ఆకాశం వైపు దుర్భిణిని పెట్టి, కంటివైపు అద్దం వెనక తెల్లకాగితం పట్టండి. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరిపితే ఒకచోట శొంఠిమాత్రంత వెలుగు చుక్క, అంచు పదునుగా పడుతుంది. మీ కంటిపాప నిలవాల్సింది సరిగ్గా అక్కడ. అద్దాన్ని అంటుకుని కాదు, దూరంగానూ కాదు. ఆ చుక్కలోంచి కంటిపాప పక్కకు తప్పుకుందంటే బొమ్మలో ఒక పక్క చంద్రవంకలా నలుపు కమ్ముకొస్తుంది. అలాంటప్పుడు దుర్భిణిని కాదు, తలను నూలుపోగంత కదపాలి.

అదే చుక్కతో దుర్భిణి శక్తి కూడా తేలుతుంది. చుక్క వ్యాసాన్ని స్కేలుతో కొలిచి, ముందు అద్దం వ్యాసాన్ని దానితో భాగించండి. అద్దం 50 మిల్లీమీటర్లు, చుక్క సుమారు 3.3 ఉంటే 15 రెట్లు. అద్దం 30, చుక్క 1.2 అయితే 25 రెట్లు. రెండోది గొప్పదనుకుంటే పొరపాటు. ఆ 1.2 మిల్లీమీటర్ల చుక్కలోంచి వచ్చే వెలుగు సంధ్యవేళ చాలనే చాలదు, చేతి వణుకు కూడా 25 రెట్లవుతుంది. చేతిలో పట్టి చూసేదానికి 15 చాలు, 20 హద్దు. పాత అద్దాలకు ఈ కాలపు పూతలుండవు కాబట్టి ప్రతి గాజు ముఖం దగ్గరా వెలుగులో నూటికి 4 పాళ్లు వెనక్కి పోతాయి. అతికించిన జంట ఉన్న దుర్భిణిలో అలాంటి ముఖాలు పది. అన్నీ దాటి కంటికి చేరేది మూడింట రెండొంతులు. కొత్త బైనాక్యులర్ పక్కన పెట్టి చూసి పాతదాన్ని తిట్టడం న్యాయం కాదు.

అసలు విద్యంతా పట్టుకోవడంలో ఉంది. ఓడ మీది కెప్టెన్‌లా నిలబడి, రెండు చేతులూ చాచి చూడ్డం సినిమాలకు బాగుంటుంది. నిలబడి చూస్తే 15 రెట్ల దుర్భిణిలో సైన్‌బోర్డు మీది అక్షరాలు చదవడం కూడా కష్టం. కూర్చోండి, వీపు గోడకో చెట్టుకో ఆనించండి, మోకాళ్లు పైకి మడవండి. ఎడమ మోచెయ్యి ఎడమ మోకాలి మీద పెట్టి, లావు గొట్టాన్ని అరచేతిలో పడుకోబెట్టండి. బిగించి పట్టకండి, బిగిస్తే కండరాల వణుకంతా గొట్టంలోకి ఎక్కుతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కంటివైపు గొట్టాన్ని చుట్టుకుని ఉండాలి, మిగతా వేళ్లు కనుబొమకు ఆని పక్క వెలుతురును మూయాలి. రెండో కన్ను మూయకండి. మూస్తే ముఖమంతా బిగుసుకుని, చూసే కన్ను కూడా నిమిషంలో అలసిపోతుంది. మొదట రెండు బొమ్మలు కలిసి చికాకు పెడతాయి. రోజూ కొద్దిసేపు చూస్తూపోతే రెండో కంటి బొమ్మను మనసే పక్కన పెట్టేస్తుంది.

ఇంకా కుదురు కావాలంటే పడుకోవడమే. స్కాట్లండ్ కొండల్లో జింకల వేటగాళ్లు వెల్లకిలా పడుకుని, తల కింద ఏదైనా ఎత్తు పెట్టుకుని, మడిచిన మోకాలి పక్కకు గొట్టం ఆనించి చూసేవారు. ఆ విద్య తెలిసినవాళ్లనే ఏరి దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధకాలంలో, 1900లో, లోవట్ స్కౌట్స్ అనే దళం కట్టారు. మన మేడ మీద నులకమంచం ఉంటే ఆ భంగిమ ఇంకా సుఖం. పొలం గట్టున అయితే భుజమెత్తు కర్ర ఒకటి నేలలో గుచ్చి, ఎడమచేత్తో కర్రనూ గొట్టాన్నీ కలిపి పట్టుకుంటే సరి. కిటికీ గడప మీద అయితే కిలో బియ్యం పోసిన గుడ్డసంచి పెట్టండి. సంచి నిండుగా కాకుండా మూడింట రెండొంతులే ఉంటే గొట్టానికి దానంతటదే పడకలా అమరుతుంది. దేని మీద ఆనించినా లావు గొట్టాన్నే ఆనించాలి. సన్న గొట్టాల కింద ఊతం పెడితే కట్ల దగ్గర వంగి, అద్దాలు ఒక వరస తప్పుతాయి. బొమ్మ ఒక పక్క పదునుగా, ఇంకో పక్క మసగ్గా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఆ వంపునే. చూసే క్షణంలో ఊపిరి సగం వదిలి మూడు నాలుగు సెకన్లు ఆపితే అక్షరం నిలబడుతుంది.

దేన్ని చూడాలో దొరకబుచ్చుకోవడం ఇంకో ఇబ్బంది. దుర్భిణిలో ఒకసారికి కనపడేది దాదాపు 2 డిగ్రీలు, అంటే చాచిన చేతి బొటనవేలు వెడల్పంత. కిలోమీటరు దూరంలో అది 35 మీటర్ల మేర. కళ్లు మూసి, దుర్భిణి పెట్టి, తెరిచి వెతికితే దొరకదు. మామూలు కంటితో వస్తువును చూస్తూ, చూపు తిప్పకుండా, గొట్టాన్ని ఆ చూపు దారిలోకి ఎత్తాలి. దొరక్కపోతే ఊరికే ఊపకండి. పక్కనున్న పెద్ద గుర్తును, వాటర్ ట్యాంకునో సెల్ టవరునో పట్టుకుని అక్కణ్ణుంచి అడుగడుగునా జరగాలి. మొదటి వారం 200, 300 మీటర్ల దూరంలోని కదలని బోర్డుతో సాధన చేసి, ఆ తర్వాతే పక్షుల జోలికి పోండి. కొల్లేటి పెలికాన్లు, నేలపట్టు కొంగలు గూళ్ల మీద కూర్చున్నంతసేపూ దుర్భిణికి లొంగుతాయి. ఎగిరే పిట్టను దీనితో వెంటాడ్డం వృథా, దానికి బైనాక్యులరే సరి.

మన ఎండల్లో ఇంకో శత్రువు గాలి. పొద్దున తొమ్మిది దాటితే నల్లరేగడి చేల మీదా, తారురోడ్డు మీదా సెగ లేస్తుంది. బొమ్మ నీళ్లలో పడ్డట్టు అల్లాడుతుంది. ఎంత తిప్పినా కుదరక, గొట్టం వదులైందని మరలు విప్పుతారు కొందరు. తెల్లవారిన గంటలోపు గానీ, వాన వెలిసిన వెంటనే గానీ అదే బోర్డును చూసి, అప్పుడు చెప్పండి. సముద్రం ఒడ్డున అయితే ఎత్తును బట్టి దూరం మారుతుంది. ఇసుకలో నిలబడ్డ మనిషికి నీటి అంచు 4.5 కిలోమీటర్లే. వంద మీటర్ల గుట్ట ఎక్కితే 36 కిలోమీటర్లు. విశాఖ తీరాన బయట లంగరు వేసిన ఓడల్లో దూరపువాటి అడుగు భాగం కనపడకపోతే దుర్భిణికి చూపు తగ్గిందనుకోకండి, భూమి గుండ్రన అడ్డొచ్చింది.

రాత్రి ముందుగా చంద్రుణ్ణి చూడండి. పౌర్ణమినాడు కాదు, ఆనాడు నీడలే ఉండవు కాబట్టి పళ్లెంలా ఉంటాడు. శుద్ధ చవితి నుంచి దశమి దాకా, వెలుగూ చీకటీ కలిసే గీత పొడుగునా చూస్తే గుంటల అంచులు లేచి నిలబడతాయి. గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలను గెలీలియో 1610 జనవరిలో సుమారు 20 రెట్ల గొట్టంతో చూశాడు. గట్టి ఊతం ఉంటే మీ 15 రెట్లదీ వాటిని చూపిస్తుంది. శని వలయం కనపడుతుందని మాత్రం పిల్లలకు మాట ఇవ్వకండి, మహా అయితే గ్రహం కాస్త కోలగా అనిపిస్తుంది.

కొనేవాళ్లకు ఒక మాట. పాత సామాన్ల సంతల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ "లండన్, 1915" అని చెక్కిన మెరిసే దుర్భిణులు దొరుకుతాయి. వీటిలో చాలావరకు ఉత్తరాఖండ్‌లోని రూర్కీ వైపు తయారయ్యే అలంకార వస్తువులు. పేరు చూసి మోసపోవద్దు. డాలండ్ పేరును అక్షరం మార్చి చెక్కిన ఇతరుల సరుకు పాతకాలం నుంచే ఉంది. ముందు అద్దంలో బల్బు ప్రతిబింబాలు లెక్కపెట్టండి. రెండే కనపడితే ఒంటి గాజు, చూసినదాని చుట్టూ ఊదా, పసుపు అంచులు తప్పవు. మూడో, నాలుగో కనపడితే జంట. అతికించిన జంటలో మూడోది బాగా మసగ్గా ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి.

ఇప్పుడు చింతపండు సంగతి. ఇత్తడి బిందెకు అది మంచిదే. దుర్భిణి గొట్టాలు మాత్రం ఒకదాంట్లో ఒకటి కాగితం మందం సందుతో జారేవి. పులుపు మరల్లోకి దిగి అక్కడే కొత్త చిలుము పుట్టిస్తుంది, తోముడు పొడిలోని గరుకు సందుల్లో చేరి లాగిన ప్రతిసారీ గీస్తుంది. తోమగా తోమగా గొట్టం అరిగి వదులవుతుంది, ఆ తర్వాత నిలువుగా పట్టుకుంటే సన్న గొట్టం దానంతటదే జారిపోతుంది. పాత లక్కపూత పోతే మళ్లీ రాదు. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. గొట్టం బిగుసుకుంటే కొబ్బరినూనె, మిషన్ నూనె పోయకండి. నూనె దుమ్మును పట్టుకుని ముద్ద చేస్తుంది, దాని తడి అద్దాల మీదకు పాకుతుంది. బిగువుకు కారణం తరచుగా బయటి గొట్టానికి పడిన సొట్ట. పట్టకారుతో మెలితిప్పితే సొట్టతో పాటు లోగొట్టమూ పోతుంది. వదులైన గొట్టానికి మందు దాని కట్టులోనే ఉంది. కట్టు లోపల చీలికలు పెట్టిన స్ప్రింగు వేళ్లుంటాయి, వాటిని వేలితో ఒక్క పిసరు లోపలికి నొక్కితే మళ్లీ పట్టు వస్తుంది.

అద్దాన్ని చీర కొంగుతోనో కండువాతోనో రుద్దడం ఇంకా పాపం. ముందు రబ్బరు బుడ్డితో ఊది, మెత్తటి కుంచెతో దులిపి, అప్పటికీ మరక ఉంటేనే లెన్సు కాగితం మీద ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి మధ్య నుంచి అంచుకు తుడవాలి. చుక్కను అద్దం మీద వేయకూడదు. అంచులోకి దిగితే జంటను అతికించిన బాల్సం అనే జిగురు దెబ్బతింటుంది. ఆకుల ఈనెల్లాంటి మచ్చలు అద్దం లోపల కనపడితే ఆ బాల్సం ఊడుతోందని అర్థం, అది ఇంట్లో చేసుకునే రిపేరు కాదు. ముందు అద్దాల జంట విడివడేదైతే, విప్పేముందు రెండిటి అంచుల మీదా కలిసేలా పెన్సిలుతో ఒక "V" గీయండి. తిరగేసి పెట్టారా, ఎంత తిప్పినా చూపు కుదరదు. తిరిగి బిగించేటప్పుడు గట్టిగా బిగించకండి, నక్షత్రం చుక్కలా కాకుండా మూడు మూలలుగా వస్తుంది. కంటివైపు నాలుగు అద్దాలనూ ఒకేసారి బల్ల మీద పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఒకటి తీసి, ఉబ్బు ఎటు ఉందో కాగితం మీద బొమ్మ వేసుకుని, శుభ్రం చేసి పెట్టేశాకే రెండోది తీయాలి.

వానాకాలం తోలు సంచిలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచి అద్దాలకు బూజు తెప్పిస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, నెలకోసారి పొట్లాలు మార్చండి. సముద్రపు ఒడ్డు నుంచి వస్తే ఇత్తడిని ముందు తడి పిండిన బట్టతో, వెంటనే పొడిబట్టతో తుడిచాకే గొట్టాలు మూయండి.

చివరగా సూర్యుడు. 50 మిల్లీమీటర్ల అద్దం, ఎండలో ముడుచుకున్న 3 మిల్లీమీటర్ల కంటిపాప కంటే 250 రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిన సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. కొన్ని పాత దుర్భిణుల పెట్టెల్లో కంటివైపు బిగించుకునే నల్లటి గాజు బిళ్ల ఉంటుంది. సూర్యుణ్ణి చూడ్డానికని ఇచ్చినదే. ఆ వేడికి అది చూస్తుండగానే పగలగలదు, దాన్ని ఇవాళే తీసి పారేయండి. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు కూడా పనికిరావు. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గ్రహణాన్ని చూసి చరిత్రకెక్కాడు కదా అంటారు. ఆయన చూసింది సంపూర్ణ గ్రహణం, వాడింది వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపు. అటక మీది గొట్టానికీ దానికీ పోలిక లేదు. కిటికీలో ఎండ తగిలే చోట మూత తీసి వదిలేసినా దాని అద్దం కర్టెనును అంటించగలదు.

అందుకే సంపాదకులకు ఒక విన్నపం. గ్రహణానికి ముందు రోజుల్లో "ఇంట్లో ఉన్న దుర్భిణితో చూడండి" అనే సలహా అచ్చువేయకండి. వేసితీరాలనుకుంటే, ముందు అద్దానికి సరైన సౌర ఫిల్టరు లేకుండా సూర్యుడివైపు తిప్పకూడదన్న మాటను వార్త అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా శీర్షికలోనే పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం